ఫస్ట్ బైక్ కొంటున్నారా? సీసీ కాదు.. ముందు చూడాల్సింది ఇవే!

ఇంటర్ అయిపోయి కాలేజీలో చేరగానే, లేదంటే మొదటి జీతం చేతికి రాగానే చాలా మంది కుర్రాళ్ల నోట వచ్చే మాట ఒక్కటే.. బైక్. గేర్ల బండి నేర్చుకుంటున్న అమ్మాయిలూ తక్కువేం లేరు. తీరా షోరూమ్‌కి వెళ్లాక చూసేది మాత్రం లుక్, పికప్, సీసీ, ఈఎంఐ. తొలిసారి హ్యాండిల్ పట్టేవాళ్లు వేసుకోవాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. ఈ బండి నా అదుపులో ఉంటుందా?

ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం మంది టూవీలర్లపై వెళ్తున్నవాళ్లే.

కాళ్లు నేలకు ఆనాలి

కొత్తవాళ్లు బండి పడేసేది ఎక్కువగా సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు, యూటర్న్ తీసుకునేటప్పుడు, పార్కింగ్‌లో వెనక్కి తోసేటప్పుడే. అప్పుడు కాపాడేది ఇంజిన్ కాదు, నేల మీద ఆనిన కాలు. అందుకే బ్రోచర్‌లో మొదట చూడాల్సింది సీటు ఎత్తు, బండి బరువు.

ఉదాహరణకు హీరో స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, బరువు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. సీటు ఎత్తులో తేడా 2 సెంటీమీటర్లే. బరువులో తేడా మాత్రం 83 కిలోలు. అంటే ఒక పెద్ద మనిషి బరువు అదనం. ఒక పక్కకి ఒరిగితే కొత్తవాళ్లు నిలబెట్టడం కష్టం.

షోరూమ్‌లోనే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. రోజూ వేసుకునే చెప్పులో, షూసో వేసుకునే వెళ్లాలి. సీటు మీద కూర్చున్నాక కనీసం ఒక పాదం పూర్తిగా నేలకు ఆనాలి. దిగకుండానే బండిని నాలుగడుగులు వెనక్కి నెట్టగలగాలి. సెంటర్ స్టాండ్ ఉంటే ఎవరి సాయం లేకుండా వేయగలగాలి. ఇందులో ఏది కుదరకపోయినా ఆ బండి ఇప్పుడే వద్దు.

సీసీ ఒక్కటే చూస్తే మోసపోతారు

సీసీ ఎక్కువైతే పవర్ ఎక్కువ, తక్కువైతే సేఫ్ అని చాలా మంది అనుకుంటారు. నిజం అంత సింపుల్ కాదు. క్లాసిక్ 350 ఇంజిన్ 349 సీసీ, పవర్ సుమారు 20 హార్స్‌పవర్. యమహా ఆర్15 ఇంజిన్ 155 సీసీయే, పవర్ మాత్రం సుమారు 18. పైగా ఆర్15 బరువు 50 కిలోలకు పైగా తక్కువ. అందుకే యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే చిన్న ఇంజినే కదా అనుకున్న బండే దూసుకుపోతుంది. స్పోర్ట్స్ బైకుల్లో ముందుకు వంగి కూర్చోవాలి కాబట్టి ట్రాఫిక్‌లో మణికట్టు, నడుం నొప్పులు కూడా తప్పవు.

అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ లాంటి చోట్ల ఆగుతూ సాగుతూ వెళ్లడానికి, ఊరి నుంచి మండల కేంద్రానికి తిరగడానికి 100 నుంచి 125 సీసీ కమ్యూటర్ బైక్ సరిపోతుంది. తరచూ హైవే ఎక్కాల్సి వస్తే 150-160 సీసీ వైపు చూడొచ్చు.

ఏబీఎస్ ఉందా? సీబీఎస్ ఉందా?

ఎదురుగా ఏదైనా అడ్డొస్తే కొత్తవాళ్లు చేసే మొదటి పని.. బ్రేక్ గట్టిగా పట్టేయడం. తడి రోడ్డు మీద అలా పడితే చక్రం లాక్ అయి బండి జారిపోతుంది. ఏబీఎస్ చక్రం లాక్ అవ్వకుండా బ్రేక్‌ను క్షణాల్లో వదులుతూ, పడుతూ ఉంటుంది. సింగిల్ చానల్ అయితే ఒక చక్రానికే, సాధారణంగా ముందు చక్రానికి పనిచేస్తుంది. డ్యూయల్ చానల్ అయితే రెండింటికీ.

సీబీఎస్ వేరు. ఒక బ్రేక్ వేస్తే రెండు చక్రాలకూ బ్రేక్ పడుతుంది. అంతే, లాక్ అవ్వకుండా ఆపదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. బడ్జెట్ ఉంటే ఏబీఎస్ ఉన్న బండికే ఓటేయడం మంచిది. అయితే ఇసుక, కంకర మీద ఏబీఎస్ కూడా అద్భుతాలు చేయదు. అక్కడ స్పీడ్ తగ్గించడమే మందు.

ఎక్స్ షోరూమ్ ధర చూసి లెక్కేయొద్దు

యాడ్‌లో కనిపించే ధరకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలుస్తాయి. కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2022 జూన్‌లో ఖరారైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఐదేళ్లకు రూ.3,851. 150 సీసీ దాటితే 350 సీసీ వరకు రూ.7,365. దీనిపై జీఎస్టీ అదనం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బైకులపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించితే 40 శాతం.

బాగా నేర్చుకునేదాకా సెకండ్ హ్యాండ్ బండి కూడా మంచి ఆప్షనే. రెండు మూడు గీతలు పడినా పెద్దగా బాధ ఉండదు. కానీ కొనేముందు ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉందో, ఫైనాన్స్ క్లియర్ అయిందో లేదో, పెండింగ్ చలాన్లు ఉన్నాయేమో చూసుకోవాలి. డబ్బులిచ్చాక పేరు మార్పించుకోవడం మర్చిపోవద్దు.

పిల్లలకు బండి ఇస్తే పెద్దలకే శిక్ష

గేర్ల బైక్‌కు లైసెన్స్ రావాలంటే 18 ఏళ్లు నిండాలి. లెర్నర్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత పర్మనెంట్ లైసెన్స్ టెస్ట్‌కు వెళ్లొచ్చు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులు లేదా బండి ఓనర్‌కు మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు.

చివరగా ఒక మాట. బైక్ బడ్జెట్ వేసుకునేటప్పుడే ఐఎస్‌ఐ మార్క్ ఉన్న హెల్మెట్లు రెండింటికి డబ్బు పక్కన పెట్టాలి. ఒకటి నడిపేవారికి, ఒకటి వెనక కూర్చునేవారికి. అవి కొన్నాక మిగిలిన డబ్బుతో ఏ బండి వస్తుందో చూడాలి. నచ్చిన పెద్ద బైక్ ఏడాది ఆగినా షోరూమ్‌లోనే ఉంటుంది. అప్పటికి దాన్ని అదుపు చేసే చెయ్యి కూడా తయారవుతుంది.