గదిలో పెరుగు సంకర ఆర్కిడ్లు

పూలు చూచి ముచ్చటపడి ఆర్కిడ్ మొక్కను కొన్నవారు దానిని మట్టి కుండీలోనికి మార్చి, గులాబికి వలె ప్రతి ఉదయము నీరు పోయుదురు. కొద్ది వారములకే ఆకులు వడలిపోవును. నీరు చాలలేదేమో యని మరికొంత పోయుదురు. మొక్క చచ్చును. కుండీ బోర్లించి చూచినచో వేళ్లు నల్లబడి, కుళ్లి, చేతికి మెత్తగా తగులును. నీటి మధ్యనుండియు దాహముతో చచ్చిన మొక్క అది. ఇట్లేల జరిగినది?

నేడు అంగళ్లలో ఎక్కువగా కనిపించు ఫలనాప్సిస్, డెండ్రోబియం సంకరముల పూర్వజాతులు చాలవరకు నేలమీద పెరుగునవి కావు. అడవులలో చెట్లకొమ్మల నంటి పెరుగునవి. తెలుగు జిల్లాలలో మామిడిచెట్లపై కనిపించు వాండా కూడ అట్టిదే. దానిని బదనికగా భావించి కోసి పారవేయువారు కలరు, ఇది అన్యాయము. బదనిక చెట్టు రసమును పీల్చి బ్రతుకును. వాండా చెట్టును ఊతగా మాత్రమే గైకొని, ఆహారమును తన ఆకులలోనే తయారుచేసికొనును.

ఇట్టి మొక్కల వేళ్లపై వెలామెన్ అను తెల్లని పొర కలదు. నిర్జీవ కణములతో ఏర్పడి స్పంజివలె ఉండు ఈ పొర వానచినుకులను త్వరగా పీల్చుకొనును. విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. తెల్లగా ఎండియున్న వేరుపై నీటిబొట్లు వేసినచో, చూచుచుండగనే ఆ చోటు పచ్చబడును. పొరలోని గాలి స్థానమున నీరు చేరుటచే లోపలి పత్రహరితము బయటికి కనిపించును. వేళ్లు తెల్లబడినపుడే నీరు పోయవలెనను సూచన దీనినుండియే లభించుచున్నది. గాలి ఆడని మట్టిలో ఈ పొర ఎల్లప్పుడు తడిసియుండి, వేరు ప్రాణవాయువు లేక కుళ్లును. అందుచేత కొబ్బరిడొక్క, బొగ్గు, ఇటుక ముక్కలతో నింపిన చిల్లుల కుండీయే తగినది.

మానవుడు కల్పించిన సంకర ఆర్కిడ్లలో మొదటిది 1856లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణమున, వీచ్ వారి తోటలో పూచినది. జాన్ హారిస్ అను వైద్యుని సలహాపై జాన్ డామినీ అను తోటపనివాడు ఒక కలాంథె జాతి పుప్పొడిని వేరొక కలాంథె జాతి పూవునకు తగిల్చి దీనిని సాధించెను. విత్తనమును మొలిపించుటయే కష్టము. దుమ్మువంటి ఆ విత్తనమున నిలువ ఆహారము దాదాపు లేదు. ప్రకృతిలో ఒక శిలీంధ్రము దీనికి తోడ్పడునని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ 1899లో కనుగొనెను. 1922లో అమెరికాలోని లూయిస్ నడ్సన్, చక్కెర, లవణములు కలిపిన మాధ్యమముపై శిలీంధ్రము లేకయే విత్తనములు మొలచునని చూపెను. నేడు నమోదైన సంకరములు లక్షకు పైబడినవి.

ఇంటిలో తూర్పు కిటికీ మంచిది. ఆకులు మిక్కిలి ముదురు పచ్చగా నున్నచో వెలుతురు చాలలేదనియు, ఎఱ్ఱబారినచో ఎక్కువైనదనియు గ్రహింపవలెను. ఫలనాప్సిస్ పగటియందు పత్రరంధ్రములను మూసి, రాత్రివేళ తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఆమ్లరూపమున దాచుకొనును. ఇందుచే నీరు పొదుపగును. దీనికి పూగెల వచ్చుటకు కొన్ని వారములపాటు ఇంచుమించు 25 డిగ్రీల సెంటిగ్రేడుకు లోబడిన చల్లదనము కావలెను. కోస్తాలో వేసవియందు ఆకులే తప్ప పూగెల రాకుండుటకు కారణ మిదియే. అచ్చటి వేడికి డెండ్రోబియం సంకరములే మేలు. సాయంకాలము ఆకుల నడిమి మొవ్వులో నీరు నిలువనీయరాదు. ఫలనాప్సిస్ పూలు రాలిన పిదప కాడ పచ్చగా నున్నచో కోయక ఉంచవచ్చును; కణుపునుండి క్రొత్త కొమ్మ వచ్చి మరల పూచుట కలదు. మొక్క నీరసించియున్నచో మాత్రము కాడను మొదటికంట కోయుటే మంచిది.