మన కారుకి మనమే రేకు తొడిగితే!

రావిర్యాల అనగానే అందరికీ వండర్‌లా గుర్తొస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దిగి అటు వెళ్లే కార్లన్నీ ఏదో ఒక ఫ్యాక్టరీలో తయారైనవే. అదే ఊరి శివార్లలో ఓ రేకుల షెడ్డులో మాత్రం ఒక కారు ఆదివారం ఆదివారం కొంచెం కొంచెంగా తయారవుతోంది. అది మాదే. మేం నలుగురం ఇంజినీరింగ్ స్నేహితులం. వారమంతా కోడ్ రాస్తాం, ఆదివారం సుత్తి పట్టుకుంటాం. ఛాసిస్ అయింది, ఇంజిన్ కూర్చుంది. ఇప్పుడు అసలు పని: ఒంటికి రేకు తొడగడం. చూసేవాళ్లకి ఇది సోకు పనిలా అనిపిస్తుంది కానీ, బండి బలం, బరువు, లోపల కూర్చునే మనిషి క్షేమం అన్నీ దీనిమీదే ఆధారపడి ఉంటాయి.

ఎక్కడిదీ పిచ్చి?

ఇంట్లో కారు కట్టుకునే సరదాకి ఊపిరి పోసింది 1957లో వచ్చిన లోటస్ సెవెన్. అప్పట్లో ఇంగ్లండ్‌లో తయారైన కారు కొంటే పన్ను పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. అందుకే కోలిన్ చాప్‌మన్ దాన్ని కిట్‌గా అమ్మాడు. 1973లో ఆ హక్కులు కేటర్‌హామ్ చేతికి వెళ్లాయి. 1996లో రాన్ ఛాంపియన్ అనే టీచరు, 250 పౌండ్లతో ఇలాంటి కారు సొంతంగా కట్టుకోవచ్చంటూ ఏకంగా పుస్తకమే రాశాడు.

మన దగ్గర మాత్రం లేరా? జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూడండి. సుధాకర్ యాదవ్ చేతుల్లో రేకు బూటైంది, వంకాయైంది, క్రికెట్ బ్యాటైంది. అవన్నీ నడిచే బండ్లే! 2005లో ఆయన చేసిన 41 అడుగుల పైచిలుకు ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డులకెక్కింది. 2010లో మ్యూజియం తెరిచారు.

అన్నీ ఒకే రేకు కాదు

లోటస్ సెవెన్ తరహా బండిలో ఛాసిస్ అంటే చదరపు ఇనుప గొట్టాల పంజరం. నేల, మధ్యలో గేర్‌బాక్స్ సొరంగం, ఇంజిన్‌కీ మనిషికీ మధ్య గోడ... ఇక్కడ బిగించే రేకులు పంజరాన్ని మెలితిరగనీయవు. ఇవి చర్మం కాదు, ఎముకల్లో భాగం. బానెట్, ముక్కు, మడ్‌గార్డులు మాత్రం ఒట్టి చర్మమే. ఈ తేడా తెలియకపోతే బలం కావాల్సిన చోట పల్చని రేకు, అవసరం లేని చోట మందపాటి రేకు పడతాయి.

బరువు లెక్క కూడా చూద్దాం. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న 1 మి.మీ. ఇనుప రేకు దాదాపు 23 కిలోలు. అదే కొలతలో 1.2 మి.మీ. అల్యూమినియం రేకు పది కిలోల లోపే. అల్యూమినియంలోనూ 5052 రకం వంపులకి బాగా లొంగుతుంది. 6061-టీ6 గట్టిదే కానీ, సన్నగా వంచితే వంపు దగ్గర చీలుతుంది.

ముందు అట్ట, తర్వాతే రేకు

రేకు మీద కత్తెర పెట్టేముందు అట్టపెట్టెలు కోసి, ఛాసిస్‌కి అతికించి, సరిగ్గా కుదిరిన అట్టనే కొలతగా తీసుకుంటాం. గీతలు మార్కర్‌తో గీయాలి. మేకుతో గీస్తే ఆ గాటు దగ్గరే రేకు విరుగుతుంది. గుండ్రటి వంపుల కోసం ఇసుక సంచి మీద రేకు పెట్టి చెక్క సుత్తితో కొట్టాలి. ఆ పనికి మాకు గురువు ఓ డెంటర్ చాచా. “జోరుగా కొట్టకండి సార్, మెల్లగా ఎక్కువసార్లు కొట్టండి. రేకు సాగాలె, చిట్లొద్దు” అంటాడు. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో మా చేతికి అందని ముక్క ఇది!

పాప్ రివెట్ 3.2 మి.మీ.దైతే రంధ్రం 3.3 వేస్తాం. రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకి కనీసం రెండు రివెట్ల మందం దూరం ఉండాలి, లేకపోతే అంచు చిరుగుతుంది. రివెట్లు ఒక చివర నుంచి వరసగా కొట్టుకుంటూ పోకూడదు. మధ్యలో మొదలుపెట్టి అటూ ఇటూ వెళ్లాలి. అప్పుడే రేకు ఉబ్బదు.

ఎండ, వాన కూడా చూసుకోవాలి

ఇనుము కంటే అల్యూమినియం వేడికి దాదాపు రెట్టింపు సాగుతుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర బిగించిన మీటరున్నర రేకు, మధ్యాహ్నం ఎండలో 60 డిగ్రీలకి చేరితే కింద ఉన్న గొట్టం కంటే అర మిల్లీమీటరు పైనే ఎక్కువ పెరుగుతుంది. ఒట్టి రివెట్లతో బిగుసుకున్న రేకు ఎటూ కదల్లేక ఉబ్బి, నొక్కితే టక్కుమంటుంది. అందుకే మధ్యలో పాలీయురేథేన్ జిగురు వేస్తాం. అది కాస్త సాగుతుంది, గలగలా చప్పుడునీ ఆపుతుంది.

ఇక వాన. అల్యూమినియం, ఇనుము తడిలో నేరుగా తగిలితే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ బ్యాటరీలో అరిగిపోయేది అల్యూమినియమే. గొట్టానికి ప్రైమర్, పెయింటు, పైన జిగురు పొర ఉంటే రెండూ ముట్టుకోవు.

పొరుగున అపాచీ

మాకు దగ్గర్లోనే ఆదిభట్ల ఉంది. అక్కడ టాటా-బోయింగ్ ఫ్యాక్టరీ 2018లో మొదలైంది. అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారయ్యేది అందులోనే. సి-130జె విమానాల తోక భాగాలూ ఆదిభట్లలోనే తయారవుతాయి. విమానాల పనిలో రేకుని రివెట్ చేసేముందు క్లీకో అనే స్ప్రింగ్ పిన్నులతో తాత్కాలికంగా పట్టి ఉంచుతారు. మా షెడ్డులోనూ అవే పిన్నులు వాడతాం. స్థాయి వేరు, సూత్రం ఒకటే.

రోడ్డెక్కుతుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఎక్కదు. ఆ సంగతి తెలిసే మొదలుపెట్టాం. మన దేశంలో కొత్త రకం బండి రిజిస్ట్రేషన్ కావాలంటే, కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 126వ నియమం ప్రకారం దాని నమూనా పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల పరీక్ష నెగ్గాలి. అది వేల బండ్లు చేసే కంపెనీల కోసం పెట్టిన దారి. పాత కారు రిజిస్ట్రేషన్ మీద కొత్త బాడీ ఎక్కిద్దామంటే 52వ సెక్షన్ అడ్డు. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది.

ఈ జాగ్రత్త తప్పని నేననను. పదునైన రేకు అంచు ఢీకొంటే పాదచారి కాలు తెగుతుంది. కానీ బ్రిటన్‌లో ఒక్క బండి కట్టినవాడికీ పరీక్ష ఉంది. బయటికి తగిలే అంచులు 2.5 మి.మీ. గుండ్రంగా ఉన్నాయా లేదా అన్నదాకా చూస్తారు. నెగ్గితే నంబరిస్తారు, లేదంటే సరిచేసుకుని రమ్మంటారు. మన దగ్గర కాలేజీ పిల్లలు 2007 నుంచి బాహా ఎస్ఏఈ ఇండియా పోటీల్లో ఇలాంటి బండ్లు కడుతూనే ఉన్నారు. డ్రైవరుకీ ఇంజిన్‌కీ మధ్య కనీసం అర మిల్లీమీటరు లోహపు గోడ ఉండాలన్న నిబంధన దాకా అన్నీ పాటిస్తారు. చదువైపోయాక ఆ చేతులకి పని ఉండదు. మా చాచా లాంటి వాళ్ల చేతుల్లోని విద్య అడిగేవాళ్లూ తగ్గిపోతున్నారు. డబ్బు కట్టించుకుని, కఠినంగానే పరీక్షించి, ఒక్క బండికైనా ఒప్పో తప్పో చెప్పే తలుపు ఒకటి మనకీ ఉంటే బాగుంటుంది. అప్పటిదాకా మా కారు సొంత స్థలంలోనే తిరుగుతుంది.