శాసనసభయు పోలీసుశాఖయు

రానున్న ఆయవ్యయ సమావేశములలో పోలీసుశాఖ పద్దు మరల శాసనసభ ముందునకు రాగలదు. ఏటేట జరుగు తంతును మన మెఱుగుదుము. మంత్రి లేచి నేరములు తగ్గినవనును. ప్రతిపక్షనాయకుడు లేచి పెరిగినవనును. ఇరువురును తమకు నచ్చిన యంకెలను చదువుదురు. కాలము చాలలేదని తుదకు పద్దులన్నియు నొక్కమారుగా నామోదింపబడును. ఠాణా గడప త్రొక్కుటకు జంకి, అర్జీ చేతబట్టుకొని వెలుపల వేపచెట్టు క్రింద నిలుచున్న పేదవాని మాట ఆ సభలో వినబడుట యరుదు. తెల్లదొరల కాలమున ఇదే పద్దు వచ్చినపుడు జాతీయవాదులగు సభ్యులు కోతతీర్మానములతో దొరతనమును నిలదీసిరి. స్వపరిపాలనమున ఆ జాగరూకత సడలుట మనకు వన్నె కాదు.

శాంతిభద్రతలను, పోలీసును రాజ్యాంగము ఏడవ షెడ్యూలులోని రాష్ట్రజాబితాయందే చేర్చినది. కావున ఢిల్లీని నెపముగ జూపి తప్పించుకొనుటకు రాష్ట్రసభలకు వీలులేదు. ఈ సమావేశమున ఏది ముందు, ఏది వెనుక యని మమ్మడిగినచో, క్రొత్త వాహనములు, క్రొత్త కెమెరాలు, క్రొత్త దళములు అనుటకు ముందుగా, పోలీసు ఎవరికి జవాబుదారి యను ప్రశ్నను తేల్చుడని చెప్పుదుము. తక్కిన చిక్కులన్నియు ఈ యొక్క ముడిని ఆశ్రయించియున్నవి.

ముడి పాతది. 1816 నాటి రెగ్యులేషను చెన్నరాజధానిలో కలెక్టరునే మేజిస్ట్రేటుగను, తహసీలుదారునే పోలీసు అధికారిగను జేసెను. శిస్తు వసూలుచేయు చేతికే లాఠీ నిచ్చిన ఫలితము 1855లో వెలువడిన చిత్రహింసల విచారణసంఘపు నివేదికయందు గానవచ్చును. శిస్తు చెల్లింపలేని రైతును మండుటెండలో నిలుపుట, మెడను వంచి కాలివ్రేళ్లకు త్రాటితో గట్టుట, చేతివ్రేళ్లను కిట్టిలో బిగించుట మొదలగు ఘోరములు అందు వర్ణింపబడినవి. పిమ్మట 1859లో పోలీసును రివిన్యూశాఖనుండి వేరుచేయుచు 24వ చట్టము పుట్టెను. అది కొంత మేలే. కాని 1857 తిరుగుబాటు అణగిన మరుసటి దినములవి. మేజిస్ట్రేటు చేతికి సమర్థమైన పనిముట్టు నందించుటయే ఆ చట్టపు పీఠికయం దుద్దేశింపబడెను. ప్రజలకు జవాబుచెప్పు పోలీసును సృజింపవలెనని దాని కర్తలు కలనైన దలపలేదు.

ఆ చట్టమే పేరు మార్చుకొని నేటికిని కోస్తా, రాయలసీమ జిల్లాలలో పోలీసుశాఖకు మూలశాసనముగ నిలిచియున్నది. తెలంగాణమున జిల్లాలకు 1329 ఫసలీ చట్టమును, హైదరాబాదు నగరమునకు 1348 ఫసలీ చట్టమును నిజాముకాలమునుండి సంక్రమించినవి. సంస్కరణచట్టమను పేరున 2014లో ఒకటి వచ్చినది గాని పాతపునాది కదలలేదు. కేరళము 2011లో తనకై క్రొత్త పోలీసుచట్టమును నిర్మించుకొన్నది. ఆ పని మన సభలకు అసాధ్యమని యెవరనగలరు?

మార్గము తెలియక ఆగితిమనుటకును వీలులేదు. 1977లో నియమింపబడిన ధర్మవీర సంఘము 1979 మొదలు 1981 వరకు ఎనిమిది నివేదికలు సమర్పించెను. అవి బీరువాలలో నిదురించుచుండగా, విశ్రాంత పోలీసు ఉన్నతాధికారి ప్రకాశ్ సింగు మొదలగువారు 1996లో సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2006 సెప్టెంబరు 22వ తేదీన ఆ న్యాయస్థానము ఏడు ఆదేశముల నిచ్చినది. మంత్రివర్గపు అక్రమమైన ఒత్తిడి పోలీసుపై పడకుండ రాష్ట్ర భద్రతాసంఘ ముండవలెను. పోలీసు ప్రధానాధికారికిని, ఠాణా అధికారి వరకుగల క్షేత్రాధికారులకును రెండేండ్ల నిలుకడ యుండవలెను. బదిలీలను శాఖలోని మండలియే నిర్ణయింపవలెను. నేరపరిశోధనమును బందోబస్తునుండి వేరుచేయవలెను. పోలీసుపై ఫిర్యాదుల వినుటకు రాష్ట్రమునను జిల్లాలయందును ప్రత్యేకసంస్థ లుండవలెను. ఇవి యందలి ముఖ్యాంశములు. శాసనసభ్యుని సిఫారసు లేనిదే ఇన్స్పెక్టరునకు ఠాణా దొరకదను మాట ఊరూర వినబడుచున్నది. ఆ మాట యబద్ధమని నిరూపింపదలచిన సభ్యులకు ఇంతకు మించిన యవకాశ మేది? తమ చేతిలోని సిఫారసు చీటిని తామే చట్టముచే చింపివేయవచ్చును.

నేరపరిశోధనమును వేరుచేయుట ఏలయన, ఉదయము మంత్రిగారి పర్యటనమునకు, మధ్యాహ్నము జాతరకు, రాత్రి గస్తీకి పంపబడిన ఉద్యోగి హత్యకేసును ఏ తీరిక వేళ శోధింపగలడు? తీరిక లేనిచోట దెబ్బ దగ్గరిదారి యగును. 1872 సాక్ష్యచట్టమును రచించిన స్టీఫెను దొర, ఎండలో తిరిగి సాక్ష్యము వెదకుటకంటె నీడను గూర్చుండి నిందితుని బాధించుట సుఖమని ఒక ఉద్యోగి తనకు జెప్పినట్లు వ్రాసెను. అందుచేతనే పోలీసు అధికారి యెదుట ఒప్పుకొన్న నేరమును నిందితునిపై రుజువు చేయరాదని ఆ చట్టము నిషేధించెను. 2023 నాటి సాక్ష్య అధినియమమును ఆ నిషేధమును నిలిపినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షాసంహిత, ఏడేండ్లు లేక యంతకు మించి శిక్షపడదగు నేరములలో శాస్త్రనిపుణుడు నేరస్థలమునకు వెళ్లి ఆధారములు సేకరింపవలెననుచు, దీనిని అమలుపరచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువిచ్చినది. ఆ నిపుణు లెక్కడ? జిల్లాకొక ప్రయోగశాల యేది? రానున్న పద్దులో మేము మొదట వెదకునది ఈ మొత్తమునే.

నేరము కూడ రూపు మార్చినది. దొంగ నేడు గోడకు కన్నము వేయడు, ఫోనులోనికి దూరును. 2022లో దేశమున నమోదైన 65,893 సైబరు నేరములలో 15,297 తెలంగాణముననే నమోదైనవి. రాష్ట్రములన్నిటిలోను అదే హెచ్చు. దీనిని జూచి తెలంగాణమును నిందించుట తొందరపాటు. నమోదు పెరుగుట, ఫిర్యాదును త్రోసిపుచ్చక స్వీకరించుటకును గురుతు కావచ్చును. అంకె పెరిగినచో సభలో మందలింపు తప్పదని తెలిసిన ఠాణా, ఫిర్యాదునే స్వీకరింపక అంకెను తగ్గించును. నేరము జరిగినచోటు తమ పరిధి కాదని వెళ్లగొట్టరాదని సంహిత చెప్పుచున్నది. "డిజిటల్ అరెస్టు" అను పద్ధతి మన చట్టములలో లేదు. అయినను విశ్రాంత ఉపాధ్యాయులు, వృద్ధ వితంతువులు ఆ బెదరింపునకు లోబడి జీవితకాలపు కూడబెట్టును పోగొట్టుకొనుచున్నారు. పోలీసనిన ఏమియైనను జేయగలడను భయమే ఆ వంచకుల పెట్టుబడి. హక్కు లెఱిగిన పౌరుని మోసగించుట అంత సులభము కాదు. 1930 అను సహాయసంఖ్యను ప్రతి గ్రామమునకు దెలుపుట క్రొత్త దళమును నిర్మించుటకంటె చౌక.

మన్యమునందలి గంజాయి సమస్యయు అట్టిదే. 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడినవానికి 1985 నాటి మాదకద్రవ్యముల చట్టముక్రింద పదేండ్లకు తగ్గని ఖైదు గలదు. జామీను దొరకుట కష్టము. అడవిలో మూట మోసిన కూలికిని, నగరమున కూర్చుండి డబ్బు పెట్టిన వర్తకునికిని ఒకే కొలబద్ద. కూలి దొరకును, వర్తకుడు దొరకడు. వర్తకుని పట్టుటకు బ్యాంకు లెక్కలు చదువగల పరిశోధకుడు కావలెను. కూలిని పట్టుటకు చెక్‌పోస్టు చాలును. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడుటకు పూర్వము, అడవిచట్టములును రోడ్డుపనుల వెట్టియు గిరిజనులను ఎంత వేధించెనో మఱువరాదు. ఆ వీరుని పేర 2022లో జిల్లా నేర్పరచితిమి. ఆ జిల్లాయందలి గిరిజన యువకుడు చెరసాలకు గాక కాఫీతోటకు బోవు దారిని వేయుటయు పోలీసు విధానములోని భాగమే.

ఇట్టి నిర్బంధములచే పోలీసు చేతులు కట్టుబడునని, నేరస్థులకు మేలగునని కొందరు సందేహింతురు. నిజమే, నేరమునకు గురియైనవాని కన్నీటిని మఱచిన సంస్కరణము సంస్కరణము కాదు. కాని కొట్టి యొప్పించిన కేసు న్యాయస్థానమున వీగిపోయినపుడు నష్టపడునది ఎవరు? ఆ బాధితుడే గదా! ప్రతి ఠాణాలోను కెమెరా లుండవలెనని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. అవి నిందితుని దెబ్బలనుండియే గాక, నిజాయితీగల ఉద్యోగిని అపనిందలనుండియు కాపాడును. ఆ నిజాయితీపరునకు నిద్రయు, వారమున కొక సెలవును, ఇంటివసతియు గల్పించుట సభ ధర్మము. ఇరువదినాలుగు గంటలు నిలువబెట్టిన కానిస్టేబులునుండి మృదుభాషణమును ఆశించుట అన్యాయము.

తీక్ష్ణదండుడు ప్రజలకు భీతిగొలుపుననియు, మృదుదండుడు చులకన యగుననియు, తగినరీతిని దండించువాడే గౌరవింపబడుననియు కౌటిల్యుని మతము. ఆ తగినరీతిని నిర్ణయించు నధికారము నేడు రాజుది కాదు, శాసనసభది. కావున ఇరురాష్ట్రముల సభ్యులును పద్దునకు చేయెత్తుటకు ముందు మూడింటిని అడుగుదురుగాక: పాతచట్టమునకు బదులు క్రొత్తచట్టము ఎన్నడు? పరిశోధనకు వేరుగ ఎందరు? పోలీసుపై ఫిర్యాదు వినుటకు ప్రతి జిల్లాయందును అధికారముగల స్వతంత్రసంస్థ ఏది? ఈ మూడింటికిని ఉత్తరము లేని పద్దు ఎన్ని కోట్లదైనను, చేనికి కంచె వేయుట కాదు. కంచెకు చేనును మేపుట యగును.