షుక్ర్ నోటితోనేనా? వ్యాపారంలో కృతజ్ఞత ఎలా చూపాలి

"బిజినెస్ ఎలా ఉంది భాయ్?" అని ఎవరైనా అడిగితే "అల్‌హందులిల్లాహ్" అంటాం. ఆ మాట పూర్తయ్యీ కాకముందే మొదలుపెడతాం: కిరాయి పెరిగింది, పనివాళ్లు దొరకడం లేదు, పక్క షాపువాడు రేటు పడగొట్టాడు. నోట్లో షుక్ర్ ఉంటుంది, మనసులో మాత్రం లేనివాటి లెక్కే తిరుగుతుంటుంది.

ఇది చెడ్డతనమేమీ కాదు. లోపం ఎక్కడుందో వెతకడమే యజమాని పని. రోజంతా అదే చేసి చేసి కన్ను దానికే అలవాటు పడిపోతుంది. పదేళ్లుగా టైముకు షట్టర్ ఎత్తే మనిషి కనబడడు, ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం వెంటనే కనబడతాడు. అందుకే కృతజ్ఞత దానంతట అది రాదు. నమాజుకు వేళ ఉన్నట్టే దీనికీ ఒక వేళ పెట్టుకోవాలి.

దీనివల్ల లాభమేమిటి?

అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరు విద్యార్థులతో పది వారాలపాటు, వారానికోసారి, తాము కృతజ్ఞులమై ఉన్న విషయాలు ఐదు దాకా రాయించారు. ఇంకొందరితో చికాకు పెట్టిన విషయాలు రాయించారు. రెండో గుంపు కంటే మొదటి గుంపు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది.

2010లో ఆడమ్ గ్రాంట్, ఫ్రాంచెస్కా జీనో చేసిన పరిశోధన నేరుగా పనిచోటుకు సంబంధించింది. ఒక యూనివర్సిటీ కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల్లో కొందరి దగ్గరకు పై అధికారి స్వయంగా వచ్చి, మీ శ్రమకు థ్యాంక్స్ అని చెప్పారు. తర్వాతి వారం వాళ్లు చేసిన ఫోన్లు సుమారు 50 శాతం పెరిగాయి. ఆ మాట వినని వాళ్ల పనిలో పెద్ద మార్పు లేదు.

తీరిక లేనివాళ్లు ఎలా చేశారు?

డగ్ కోనంట్ 2001 నుంచి 2011 దాకా క్యాంప్‌బెల్ సూప్ కంపెనీకి సీఈవో. రోజుకు పది, ఇరవై చొప్పున ఉద్యోగులకు చేత్తో చీటీలు రాసేవారు. ఆ పదేళ్లలో అవి దాదాపు 30,000 అయ్యాయి. ఎవరు ఏ మంచిపని చేశారో ముందు వెతికించి, ఆ పని పేరు చెప్పి మరీ రాసేవారు. 2009లో ఆయనకు రోడ్డు ప్రమాదం జరిగితే, కోలుకోవాలంటూ ఉద్యోగుల నుంచి ఉత్తరాలు వచ్చి పడ్డాయి.

పెప్సీకో సీఈవోగా ఉన్నప్పుడు చెన్నైలో పుట్టిన ఇంద్రా నూయీ తన కింది పెద్ద అధికారుల అమ్మానాన్నలకు ఉత్తరాలు రాసేవారు. ఇంత మంచి బిడ్డను మా కంపెనీకి ఇచ్చారని చెప్పడమే వాటి సారాంశం.

అజీమ్ ప్రేమ్‌జీ మార్గం వేరు. 1966లో తండ్రి చనిపోయినప్పుడు చదువు మధ్యలో వచ్చి, వంటనూనెల కంపెనీ బాధ్యత ఎత్తుకున్నారు. అదే తర్వాత విప్రో అయింది. సంపదలో ఎక్కువ భాగాన్ని ఫౌండేషన్‌కు ఇచ్చేశారు. ఆ డబ్బు ప్రభుత్వ బడుల మెరుగుదల లాంటి పనులకు వెళుతోంది.

మన దుకాణంలో ఎలా?

- రాత్రి గల్లా లెక్క రాసే పుస్తకంలోనే చివర ఒక లైను రాయండి: ఈరోజు ఎవరి వల్ల నా పని తేలికయింది? పేరు, పని రెండూ ఉండాలి.
- మర్నాడు ఆ మనిషికి చెప్పండి. "శభాష్" అని వదిలేయకుండా, "నిన్న ఆ కస్టమర్ కోపంగా ఉంటే నువ్వు ఓపిగ్గా మాట్లాడావు" అనండి. తప్పు పట్టేటప్పుడు అంత వివరంగా చెబుతాం కదా, మెచ్చుకునేటప్పుడూ అలాగే చెప్పాలి.
- నెల జీతం చెప్పిన తారీఖుకే ఇవ్వండి. పండక్కి మిఠాయి డబ్బా ఇచ్చి, జీతం పదో తారీఖు దాకా లాగితే ఆ తీపి ఎవరికీ గుర్తుండదు.
- సరుకు ఇచ్చినవాళ్లను మరచిపోవద్దు. నమోదైన చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టమే చెబుతోంది. అడగకముందే కడితే అదే పెద్ద థ్యాంక్స్.

ఒక్క జాగ్రత్త. కృతజ్ఞత జీతానికి బదులు కాదు. "నువ్వు మా ఇంటి మనిషివి" అంటూ ఓవర్‌టైం డబ్బులు ఎగ్గొడితే అది కృతజ్ఞత కాదు, మోసం. మాటలో ఉన్నది చేతిలోనూ ఉండాలి. మనుషులకు షుక్రియా చెప్పనివాడి షుక్ర్ అల్లాహ్ వైపూ పూర్తి కాదని మన పెద్దలు చిన్నప్పటి నుంచీ నేర్పిందీ ఇదే.

ఇక చివరి పేరు ఇంట్లో ఉంటుంది. దుకాణం కట్టేసి రాత్రి పదకొండింటికి వచ్చేదాకా అన్నం వేడిగా ఉంచిన మనిషి, నాన్న ఆదివారం కూడా లేడని సర్దుకున్న పిల్లలు, దువా చేస్తూ మేలుకుని ఉన్న అమ్మీ. వ్యాపారం నిలబడటంలో వీళ్ల వాటా ఏ పద్దులోనూ రాయం. కనీసం ఈ రాత్రి నోరు తెరిచి చెబుదాం.