మస్తిష్కాఘాతం నుంచి కోలుకోవడం: పేగు సూక్ష్మజీవుల పాత్ర, ప్రోబయోటిక్‌ల పరిమితి

1. ఉపోద్ఘాతం:

మెదడులో రక్తనాళం పూడుకుపోవడం వల్లగాని, చిట్లడం వల్లగాని కలిగే హానిని మస్తిష్కాఘాతం అంటారు. వాడుకలో దీనిని పక్షవాతం అంటున్నాం. నిజానికి పక్షవాతం ఆ హాని ఫలితాలలో ఒకటి మాత్రమే. కాలూచేయీ పడిపోవడం కంటికి కనిపిస్తుంది. పేగులలో వచ్చే మార్పు కనిపించదు. రోగి కోలుకోవడంలో ఆ మార్పుకు గల పాత్రను, ప్రోబయోటిక్‌లతో దానిని సరిదిద్దవచ్చుననే వాదానికి గల బలాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మెదడు – పేగుల సంబంధం:

మెదడు దెబ్బతిన్నప్పుడు పేగులను నియంత్రించే నాడీవ్యవస్థ గతి తప్పుతుంది. పేగుల కదలిక మందగిస్తుంది, లోపలి పొర పట్టు సడలుతుంది, సూక్ష్మజీవుల సమతుల్యత చెడుతుంది. ఇలా చెడిన సూక్ష్మజీవులను క్రిమిరహితంగా పెంచిన ఎలుకలలో ప్రవేశపెట్టినప్పుడు వాటి మెదడులో గాయం పెరిగినట్లు 2016లో ‘జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్’ ప్రచురించిన పరిశోధన నిరూపించింది. ఆఘాతం తరువాత ఊపిరితిత్తులకు సోకే బాక్టీరియా పేగుల నుంచి కూడా రావచ్చునని అదే ఏడాది ‘నేచర్ మెడిసిన్’లో వెలువడిన మరో పరిశోధన తెలిపింది. దీనికి భిన్నంగా, పీచుపదార్థాన్ని పులియబెట్టి కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే లఘుశృంఖల కొవ్వు ఆమ్లాలు ఎలుకలలో అవయవ చలనం మెరుగుపడడానికి తోడ్పడ్డాయి. అంటే పేగులు హానికీ, మేలుకీ కూడా కారణం కాగలవు.

3. ప్రోబయోటిక్‌లు – ఆశ, అవధి:

తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలుచేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లని 2001లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు నిర్వచించారు. ఇందులో మోతాదు, రుజువైన మేలు అనే రెండు నియమాలున్నాయి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు మంచి ఆహారమే; కాని అందులోని సూక్ష్మజీవుల రకం, సంఖ్య ఇంటింటికీ మారుతాయి. కనుక దానిని ఔషధంతో సమానంగా భావించలేం. మస్తిష్కాఘాత రోగులపై జరిగిన ప్రయోగాలలో అనేకం చిన్నవి. అవి జీర్ణసమస్యలు తగ్గవచ్చుననే ఆశ కల్పిస్తున్నాయే తప్ప, అంగవైకల్యం తగ్గుతుందని నిర్ధారించలేదు. పైగా ప్రోబయోటిక్‌లు ఎల్లప్పుడూ నిరపాయకరం కావు. తీవ్ర క్లోమశోథ రోగులపై నెదర్లాండ్స్‌లో జరిగి 2008లో ‘లాన్సెట్’లో ప్రచురితమైన ప్రయోగంలో ప్రోబయోటిక్‌లు తీసుకున్నవారిలో 16 శాతం, తీసుకోనివారిలో 6 శాతం మరణించారు. వ్యాధి వేరైనా, ఆ హెచ్చరిక విషమస్థితిలో ఉన్న ఏ రోగి విషయంలోనైనా గుర్తుంచుకోదగినదే.

4. ముగింపు:

పేగులను స్వస్థతలో భాగంగా చూడడం వైద్యానికి కొత్త దారి చూపుతోంది. అయితే ఎలుకలలో రుజువైనది మనిషికి చికిత్స కావాలంటే విస్తృతమైన ప్రయోగాలు జరగాలి. అంతవరకు ప్రోబయోటిక్‌లు వైద్యుని సలహా మేరకే వాడాలి. మందులకు, ఫిజియోథెరపీకి అవి ప్రత్యామ్నాయం కావు. మింగే శక్తిని పరీక్షించకముందే ప్రేమతో పట్టే గుక్కెడు మజ్జిగ కూడా ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాపాయం తేవచ్చు.