అలలకూ రుతువుంది: అరుగం బే

శ్రీలంక పటంలో తూర్పు తీరం వెంట వేలు జరుపుతూ కిందికి వస్తే అంపారై జిల్లాలో పొత్తువిల్ అనే ఊరు తగులుతుంది. దానికి కాస్త దక్షిణాన తీరం నెలవంకలా లోపలికి ఒంపు తిరుగుతుంది. ఆ ఒంపులో ఒదిగిన చిన్న ఊరే అరుగం బే. ఉన్నది ఒకటే పెద్ద వీధి. దానికి అటూ ఇటూ బసలు, రొట్టెల కొట్లు, సర్ఫింగ్ పలకలు అద్దెకిచ్చే దుకాణాలు. ఇక్కడి ఆటోల పైకప్పు మీద సామాన్లు కనిపించవు. మనిషి కంటే పొడవైన పలకలు తాళ్లతో కట్టి ఉంటాయి. తెల్లవారకముందే ఆ ఆటోలు అలల వేటకు బయల్దేరతాయి.

ఇంత చిన్న ఊరికి ఇంత పేరు రావడానికి కారణం దక్షిణపు కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన భూశిరం. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రాల్లో రేగే తుపానులు నీటిని కదిలిస్తాయి. ఆ కదలిక వేల కిలోమీటర్లు ప్రయాణించి ఈ భూశిరాన్ని చుట్టి అఖాతంలోకి తిరుగుతుంది. అడుగున పగడపు రాతి దిబ్బ ఉండడంతో అల ఒక్కసారిగా కూలదు. కొస నుంచి చాప చుట్టుకుంటూ పోయినట్టు క్రమంగా విరుగుతూ ఉత్తరానికి సాగుతుంది. మంచి రోజున ఒకే అల మీద వందల మీటర్ల దూరం జారవచ్చు. ‘మెయిన్ పాయింట్’ అని సర్ఫర్లు చెప్పుకునేది దీన్నే.

గాలి లెక్క ఇంకా విచిత్రం. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు లంక పడమటి తీరాన్నీ, నడిమి కొండలనూ తడిపేస్తాయి. కొండలు దాటి తూర్పుకు చేరేసరికి ఆ గాలిలో తడి ఉండదు. పొడి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తూ ఎదురొచ్చే అలను నిలబెడుతుంది. దాని ముఖం నున్నగా, నిటారుగా లేస్తుంది. కొలంబోలో గొడుగు పట్టే రోజుల్లో ఇక్కడ ఎండ కాస్తుంది. ఈశాన్య రుతుపవనాలు మన నెల్లూరు తీరాన్ని తడిపే నెలల్లో ఈ తీరమూ తడుస్తుంది. అప్పుడు సర్ఫర్లు నైరుతి తీరంలోని వెలిగమ, హిక్కడువల వైపు తరలిపోతారు. బసలు చాలావరకు మూతపడతాయి.

సముద్రం ఈ ఊరికి అన్నమూ పెట్టింది, కడుపుకోతా మిగిల్చింది. పొత్తువిల్ ఇసుక తిన్నెల మధ్య ముహుదు మహా విహారం శిథిలాలున్నాయి. కడలి ఉప్పొంగి కెలనియ రాజ్యాన్ని ముంచెత్తినప్పుడు, దాన్ని శాంతింపజేయడానికి రాజు తన కూతురు విహార మహాదేవిని పడవలో విడిచిపెట్టాడని మహావంశం చెబుతుంది. ఆమె ఒడ్డు చేరింది ఇక్కడేనని ఈ ప్రాంతపు నమ్మకం. ఆ పురాతన గాథలోని ఉప్పెన 2004 డిసెంబరు 26న కళ్లెదుటికి వచ్చింది. మన కోస్తానూ తాకిన ఆ సునామీలో లంకలో 30 వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ ప్రాణనష్టం జరిగింది అంపారై జిల్లాలోనే. అరుగం బే తీరపు వీధి తుడిచిపెట్టుకుపోయింది. అంతర్యుద్ధం 2009లో ముగిశాకే ఊరు నిజంగా కోలుకుంది. 2019లో ప్రపంచ సర్ఫ్ లీగ్ అర్హత పోటీ ఇక్కడ జరిగింది. అంతకు ముందు ఏడాదే స్థానిక మహిళలు దేశంలో మొదటి మహిళా సర్ఫ్ క్లబ్బు పెట్టుకున్నారు. సముద్రం మగవాళ్ల పని అనుకునే పల్లెలో తల్లులు, అక్కాచెల్లెళ్లు పలక పట్టుకుని నీళ్లలోకి దిగడం చిన్న సంగతి కాదు.

కొత్తవాళ్లు మెయిన్ పాయింట్ జోలికి పోకపోవడమే మంచిది. అడుగున రాయి పదును, సముద్రపు ముళ్లకాయల బెడద ఉంటాయి. ‘బేబీ పాయింట్’లోనో, ఉత్తరాన ఇసుక అడుగున్న ‘విస్కీ పాయింట్’లోనో శిక్షకుడి దగ్గర మొదలుపెట్టాలి. విరిగే నురగకు దగ్గరగా ఎవరుంటే ఆ అల వారిదే. మరొకరు అడ్డం వెళ్లకూడదు. ఈ నియమం నేర్చుకోకుండా పలక అద్దెకు తీసుకోవద్దు. సాయంత్రాలు పొత్తువిల్ మడుగులో జాలర్ల పడవెక్కి మడచెట్ల మధ్య తిరగవచ్చు. లాహుగల చెరువు గడ్డిలో ఏనుగులు మేస్తాయి. దక్షిణాన పానమ దాటితే ఒకందలో మురుగన్ గుడి, ఆ వెంటే కుమన పక్షుల అడవి. జాఫ్నా నుంచి కతరగామకు కాలినడకన వెళ్లే భక్తులు ఈ గుడి దగ్గర ఆగి అడవిలో అడుగుపెడతారు.

చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర. అక్కడి నుంచి 320 కిలోమీటర్ల రోడ్డు, ఏడెనిమిది గంటల ప్రయాణం. పొత్తువిల్‌కు రైలు లేదు. కొండల అందం చూడాలంటే రైలులో ఎల్లా దాకా వచ్చి అక్కడ కారు ఎక్కవచ్చు. చీకటి పడ్డాక రోడ్ల మీదికి ఏనుగులు వస్తాయి, పగలే ప్రయాణించండి. నగదు దగ్గర ఉంచుకోండి. పున్నమి రోజు ‘పోయ’ సెలవు, మద్యం అమ్మరు. పొత్తువిల్‌లో ముస్లింలు ఎక్కువ. ఈత దుస్తులు ఒడ్డు వరకే, ఊళ్లోకి నిండుగా కప్పుకుని వెళ్లడం మర్యాద. వీసా నిబంధనలు ముందే సరిచూసుకోండి.

అలల కోసమైతే జూన్ నుంచి ఆగస్టు, నేర్చుకోవడానికైతే రద్దీ తక్కువగా, అలలు చిన్నవిగా ఉండే ఏప్రిల్ మంచిది. వెళ్లినప్పుడు స్థానికుల బసలోనే దిగండి, స్థానికుల దగ్గరే నేర్చుకోండి. రెండు విపత్తులు దాటి నిలబడ్డ ఊరికి యాత్రికుడు చేయగల మేలు అదే.