ముత్తమ్మగారి వ్యాజ్యము

కొడగుసీమలోని విరాజపేటలో 1924లో జన్మించి, తొమ్మిదవయేటనే అటవీశాఖోద్యోగియైన తండ్రిని గోల్పోయి, తల్లి పూనికచే మడికేరిలోను పిదప మదరాసులోను చదువుకొని, ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. పట్టము నందిన ముత్తమ్మగారు 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీసున ప్రవేశించిన తొలి మహిళ. పరీక్షలో ఆమె గెలుపును కాదనజాలని పెద్దలు, ఈ కొలువు స్త్రీలకు తగదని ఇంటర్వ్యూలో ఆమెను మరలింపజూచిరి, ఆమె మరలలేదు. పెండ్లియాడినచో ఉద్యోగము వీడుదునని తుదకు ఆమెచేత హామీపత్రము వ్రాయించుకొనిరి.

ఆ షరతే 1961 నియమావళిలో అక్షరరూపము దాల్చినది. స్త్రీయైన ఉద్యోగి వివాహమునకు ముందు ప్రభుత్వానుమతిని లిఖితపూర్వకముగ పొందవలెను. సంసారబాధ్యతలు ఆమె విధులకు అడ్డు వచ్చునని ప్రభుత్వమునకు తోచినచో ఏ క్షణముననైనను రాజీనామా కోరవచ్చును. వివాహితకు ఈ సర్వీసున నియామకము హక్కు కానేరదు. పురుషునకు మాత్రము ఇల్లును సంసారమును ఏనాడును కొరతగా నెంచబడలేదు. ఈ నియమములను ఎన్నిమారులు చదివినను నా మనస్సు కలతపడుచునే యుండును. పెండ్లితోడనే కొలువునకు స్వస్తి చెప్పవలసివచ్చిన విదుషీమణులు నిజముగా నుండిరి.

పారిస్ నగరమున మొదలైన ఆమె ఉద్యోగయాత్ర 1970లో హంగరీ రాయబారిపదవికి చేరెను. విజయలక్ష్మీ పండిట్ మున్నే మాస్కో, వాషింగ్టనులకు రాయబారిగా వెడలినను ఆమె రాజకీయరంగమునుండి వచ్చినవారు. సర్వీసులోని మెట్లెక్కి ఆ గౌరవమందిన తొలి భారతీయ మహిళ ముత్తమ్మగారే. పిదప ఘనాలో పనిచేసిరి. అయినను ఉన్నతశ్రేణికి యోగ్యత చాలదని ప్రభుత్వము ఆమెను నిలిపివేయగా, తనకు జరిగిన అన్యాయముతోపాటు ఆ నియమములను సైతము ప్రశ్నించుచు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. ఆమె అవివాహిత, పెండ్లిని గూర్చిన నిబంధన కొట్టువడినందువలన తనకు ఒనగూడునది లేదు. పరులకొరకు వాదించిన ఆ భాగమే నాకు మిక్కిలి పూజ్యముగ దోచును.

విచారణ ముగియకముందే ప్రభుత్వము ఆమెకు పదోన్నతి నిచ్చెను. ఒక నియమము అదివరకే రద్దయినదనియు, రెండవదానిని తొలగించుచున్నామనియు న్యాయస్థానమునకు విన్నవించుకొనెను. కావున 1979 సెప్టెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వ్యాజ్యమును కొట్టివేసిరి. కాని ఆ తీర్పులోనే, భార్య కుటుంబభారము విధికి ఆటంకమైనచో భర్తదియు నట్లే కావలెనుగదా యని నిలదీసి, సర్వీసు నియమములన్నిటినుండి స్త్రీవివక్షను తుడిచివేయుమని ప్రభుత్వమునకు తెలియజెప్పిరి. సీనియారిటీ విషయమై ఆమెకు జరిగిన నష్టమును పునఃపరిశీలింపుమనిరి.

అనంతరము ముత్తమ్మగారు నెదర్లాండ్సున రాయబారిగా నుండి, 1982లో పదవీవిరమణ చేసిరి.